ఇరవై ఏడు చుట్లు

హేవిళంబి నామ సంవత్సరంలో మా ఇంట్లో పోయినవి ముందు రాస్తాను. రెండెకరాల కౌలు పత్తి. కాయ పగిలే వేళకు అయిదు రోజులు ముసురు పట్టి చెట్టు మీదే నల్లబడిపోయింది. చూలు గేదె ఒకటి. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెలు రెండు, చెవి కమ్మలు ఒక జత. పిల్లలు ఇద్దరు. ఒకడు పదకొండు రోజులు, ఒకతె పద్నాలుగు నెలలు బతికారు. వాళ్లు పోయింది ఆ ఏడాది కాదు, అంతకు ముందే. ఈ పద్దు కింద రాయకూడదు. కానీ మా ఆవిడ పోయినవాటి గురించి ఎప్పుడు చెప్పినా వాళ్లతోనే మొదలుపెట్టేది కనుక వాళ్లనూ చేర్చాను. తర్వాత ఆమె ఒంటి బరువు. తొంభై నాలుగు పౌన్ల నుంచి అరవై తొమ్మిదికి, ఇరవై అయిదు పౌన్లు. ఆఖరున ఆమె.

నా చదువు మూడో తరగతితో ఆగింది. ఎక్కాలు గేదెల వెంట తిరుగుతూ నేర్చుకున్నాను, తూకాలు కొట్టు అరుగు మీద కూర్చుని చూసి, చేల కొలతలు ఒక గొలుసు లాగే మనిషి వెనకాల నడిచి. ఆ కాస్త విద్యతోనే గుంటూరులో ఒక జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర పని దొరికింది. బండి మీద వచ్చిన పత్తి బోరేలు తూచి రాసుకోవడం నా పని. తూకంలో మొగ్గు అని ఒకటుంటుంది. కొనేవాడి వైపు ముల్లు కాస్త వంగేదాకా ఇంకో గుప్పెడు వేయించడం. ఏ మిల్లులో చూసినా అది మామూలే. నేను మాత్రం వేయించేవాణ్ణి కాదు, తీయించేవాణ్ణీ కాదు. ముల్లు నిలువుగా నిలబడితే రాసేవాణ్ణి. యజమానికి అది నచ్చకపోయినా, రైతులు మా మిల్లుకే బండ్లు తోలుకొచ్చేవారు కనుక ఊరుకునేవాడు. నాకు దాని మీద గర్వం ఉండేది. ఎంత గర్వమంటే, ఇంట్లో ఉప్పు కొలిచేటప్పుడు కూడా ఉండేది.

మా ఆవిడకు దగ్గు శ్రావణంలో మొదలైంది. దసరాకి జాకెట్లు వదులయ్యాయి. ఒక ఆదివారం మిల్లులో ఎవరూ ఉండరని తీసుకెళ్లి కాటా బల్ల మీద కూర్చోబెట్టాను. వాచ్‌మన్ ఒకడు ఉండనే ఉన్నాడు.

"ఏం గుమాస్తాగారూ, ఈ బోరెం ఏ ఊరిది?" అన్నాడు నవ్వుతూ.

"చీమకుర్తి సరుకు. గింజే ఎక్కువ, దూది లేదు," అంది ఆమె నా కంటే ముందు. ఆమె పుట్టిల్లు ఆ పక్కనే.

తొంభై నాలుగు. వారం తర్వాత మళ్లీ తూచాను, తొంభై ఒకటి. మూడో వారం ఎనభై తొమ్మిది వచ్చేసరికి ఇక ఆమె బల్ల ఎక్కనంది. "దిగేటప్పుడు మీ మొహం చూడలేకపోతున్నానండీ," అంది. ఆ వారమే ఊరవతల క్షయ ఆసుపత్రిలో చేర్చాను.

డాక్టరు మంచివాడు. తొంభై ఇంజెక్షన్లు ఇస్తామని, రోజుకొకటని, ఆ తర్వాత చూద్దామని చెప్పాడు. తొంభై అనే అంకె విన్నాక నాకు ధైర్యం వచ్చింది. అంతవరకూ ఆ జబ్బుకు కొలత లేదు. ఇప్పుడు ఒక చివర కనిపించింది. మిల్లులో పాత క్యాలెండరు వెనక తొంభై గళ్లు గీసి రోజుకొకటి కొట్టేసేవాణ్ణి. ఇరవయ్యో గడి దగ్గర జ్వరం తగ్గింది, బరువు రెండు పౌన్లు పెరిగింది. ఆ రెండు పౌన్ల కోసం ఆ రోజు ఆసుపత్రి నుంచి మిల్లుదాకా బస్సెక్కకుండా నడిచాను, ఎందుకో తెలియదు. నలభయ్యో గడికి పెరిగిన రెండూ పోయాయి. అరవయ్యో గడికి ఎనభై ఒకటి. డెబ్భై దాటాక డాక్టరు నాతో వరండాలోనే మాట్లాడటం మానేసి, గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. కూర్చోమన్నప్పుడే నాకు తెలిసింది.

"రెండు వైపులా ఉంది. మందు పనిచేసే మనిషికి చేస్తుంది. మా ప్రయత్నం మేం మానం," అన్నాడు.

"ఇంకో తొంభై ఇస్తే?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకుని లేచాడు. నా అంకె నాకు తిరిగొచ్చింది.

వార్డులో మా ఆవిడ పక్క మంచం మీద ఒక ముసలావిడ ఉండేది. నేత పనివాళ్లు, మంగళగిరి. చిన్నప్పుడే రంగూను వెళ్లి, అక్కడే పెళ్లాడి, బాంబులు పడ్డప్పుడు అడవుల్లోంచి నడిచి వచ్చిన మనిషి. నడుస్తూ వచ్చిన దారిలో భర్తనీ కొడుకునీ పోగొట్టుకుంది. ఆ సంగతి మజ్జిగలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పేది. మా ఆవిడ ఆమెను మామ్మగారూ అనేది. నేను గదిలోంచి వచ్చి మంచం దగ్గర నిలబడితే ఆవిడ నా మొహం చూసి అంది.

"నాయనా, నీకు లెక్కలు వచ్చటగా. అమరావతిలో దీపాలదిన్నె ఎప్పుడైనా చూశావా?"

"చూడలేదండి. పాత దిబ్బ అని విన్నాను."

"దిబ్బే. ఒకప్పుడు బౌద్ధుల స్తూపం. మా రంగూనులో అలాంటివి బంగారు రేకు తొడిగి ఉంటాయి. ఇక్కడ మనవాళ్లు మిరపకాయలు ఆరబోస్తారు. అక్కడ మనిషికి బాగాలేకపోతే ఇంట్లోవాళ్లు వెళ్లి చుట్టూ తిరుగుతారు. మనిషి వయసెంతో అన్ని చుట్లు. పైన ఒకటి."

"ఆ పైది ఎందుకండి?"

"రాబోయే ఏడుకి. అది ఉండాలని." ఆవిడ కాసేపు దగ్గింది. "మధ్యలో కూర్చోకూడదు. పొద్దు వాలేలోపల అయిపోవాలి. పాత కోటగోడ ఒకటుంటుందంటారే ధరణికోటలో, అక్కడే చెప్పులు వదిలెయ్యి. మా వాళ్లయితే ఊరి పొలిమేరలోనే వదిలేవాళ్లు."

నాకు మొక్కుల మీద నమ్మకం లేదు. ఇద్దరు పిల్లలకు కోటప్పకొండ మొక్కుకున్నాం, ఇద్దరూ పోయారు. కానీ ఇందులో ఒక లెక్క ఉంది. అప్పటికి నా చేతిలో మిగిలింది పద్నాలుగు గళ్లు. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకుంటాడంటారు. గడ్డిపోచ పొడవెంతో చూసి పట్టుకునేవాణ్ణి నేను.

అక్కడే వేళ్ల మీద లెక్క వేశాను. మా ఆవిడ పుట్టింది ప్రజోత్పత్తిలో. పెళ్లిచూపుల నాడు మా అత్తగారు చెప్పిన మాట, లగ్నపత్రికలోనూ అదే. అరవై ఏళ్ల వరుసలో ప్రజోత్పత్తి అయిదోది. హేవిళంబి ముప్పై ఒకటోది. ముప్పై ఒకటిలో అయిదు తీసేస్తే ఇరవై ఆరు. పైన ఒకటి, ఇరవై ఏడు.

"ఇరవై ఏడు చుట్లు. ఆదివారం వెళ్లొస్తాను," అన్నాను.

మా ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. కాసేపటికి, "ఇంకో మూడు ఎక్కువ తిరగండి," అంది.

"ఎందుకు?"

"ఊరికే. తిరగండి."

"తప్పుతాననా?"

"మీరు తప్పరు లెండి." నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక మళ్లీ అంది. "మూడేగా. ఎక్కువైతే ఏం పోయింది?"

"మామ్మగారు చెప్పింది వయసుకి ఒకటి ఎక్కువ. నాలుగెక్కువ తిరిగితే అది ఎవరి వయసవుతుంది? లెక్క లెక్కలా ఉండాలి."

"దేవుడి దగ్గర కూడా ముల్లు నిలువుగానే నిలబెడతారా?" అంది. పక్క మంచాల వాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. అలసిపోయిందనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అమరావతి బస్సెక్కాను. లాం దాటాక రెండు వైపులా మిరపచేలే. మాఘమాసం, రెండో కోత కోస్తున్నారు. తాడికొండ దగ్గర కల్లాలు రోడ్డు అంచుదాకా వచ్చాయి. కిటికీలోంచి ఘాటు కొట్టి బస్సంతా దగ్గింది. అంతమంది ఒక్కసారి దగ్గుతుంటే నాకు భయం వేసింది. వాళ్లు దగ్గి, తిట్టుకుని, మళ్లీ కబుర్లలో పడ్డారు. దగ్గు అలా ఆగిపోవడం చూసి చాలా రోజులైంది.

ధరణికోటలో దిగాను. మా మిల్లుకు పత్తి తోలే సాయిబు ఒకాయన ఉండేది ఆ ఊళ్లోనే. ముందే కబురు పెట్టాను కనుక రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. నా కంటే పదేళ్లు పెద్ద, పొట్టి మనిషి. ఊరి వెనక ఒక పొడుగాటి మట్టికట్ట చూపించాడు. పైన తుమ్మచెట్లు, మేకలు.

"కోటగోడ ఇదే. ఎంత పెద్ద రాజు కట్టించాడో, ఇప్పుడు మా మేకలదే రాజ్యం."

చెప్పులు అక్కడ వదిలాను. ఆయన వాటిని తన చంకలో పెట్టుకున్నాడు.

"ఇక్కడే ఉండనివ్వండి సాయిబుగారూ."

"ఉంచితే తిరిగొచ్చేసరికి ఉంటాయా? మొక్కు నీది, చెప్పులకేం పాపం? పద."

అక్కడి నుంచి దిన్నెదాకా అడుగులు లెక్కపెట్టాను. రెండువేల నూట నలభై. దారి సగం బండ్లబాట, సగం గట్టు. ఎడమచేతి వైపు చెట్ల సందుల్లో కృష్ణ కనిపిస్తూ ఉంటుంది. సాయిబు మాట్లాడుతూనే ఉన్నాడు. నేను అంకె తప్పకుండా ఊ కొడుతూ నడిచాను.

"మా ముత్తాత కాలంలో ఆ దిన్నె రాళ్లు కాల్చి సున్నం చేసేవాళ్లంట. బొమ్మలున్న రాయి సరిగ్గా కాలదని తిట్టుకునేవాళ్లంట. మా ఇంటి అరుగులో ఒక ముక్క ఉంది, సగం తామరపువ్వు. మా ఆడవాళ్లు దాని మీద పసుపు కొమ్ములు కొడతారు." నాలుగడుగులు వేసి, "ఏమయ్యా గుమాస్తా, చుట్టూ తిరిగితే రోగాలు పోయేటట్టయితే గానుగెద్దుకి చావుండకూడదు కదా?" అన్నాడు.

నేను తల దించుకుని అడుగులు లెక్కపెట్టాను. ఆయన నా మొహం చూసి, "నోరు మంచిది కాదు నాది. తిరుగు, తిరుగు. నేను కూడా దువా చేస్తాలే," అన్నాడు.

దిన్నె అంటే నేను గుట్ట ఉంటుందనుకున్నాను. మధ్యలో పెద్ద గుంట. ఎప్పుడో తవ్వుకుపోయారు. గుంట చుట్టూ గుండ్రంగా మట్టి అంచు, అక్కడక్కడ నిలువుగా నాటిన విరిగిన రాళ్లు. బంగారం లేదు, గంట లేదు, పూజారి లేడు. అంచు బయట జనం తొక్కిన సన్నటి బాట. దానికి ఆనుకుని తూర్పు పక్క సాయిబు కౌలు చేను మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆయన ఆ కల్లం పక్కన గోనెపట్టా వేసుకుని తాలు కాయలు ఏరుతూ కూర్చున్నాడు.

చుట్లు గుర్తుకి కాయలు అడిగాను. గుప్పెడు తీసి నా తువ్వాలులో పోశాడు. లెక్కపెడితే ముప్పై నాలుగు. ఏడు తిరిగి ఇచ్చాను.

"ఉండనీవయ్యా. నాలుగు కాయలు ఎక్కువైతే నీ తువ్వాలు చిరుగుతుందా?"

"ఇరవై ఏడు చాలండి."

"నీ దగ్గర పత్తి తూయించుకున్నప్పుడు బానే ఉంటుంది గానీ, నీతో కాపురం చేసే ఆవిడ ఎట్లా వేగుతోందో," అన్నాడు.

మొదటి చుట్టుకు అడుగులు కొలిచాను. రెండువందల ముప్పై ఎనిమిది. చుట్టు అయిన ప్రతిసారీ సాయిబు దగ్గర ఒక కాయ పట్టా మీద పడేసేవాణ్ణి. అయిదో చుట్టుకి అరికాళ్లు మండాయి. బాట మీద ఎండు కాయలు చిట్లి గింజలు పడి ఉన్నాయి, అవి గీరుకున్న చోటల్లా మంట. తొమ్మిదో చుట్టులో ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు ఎలా ఉండేదో అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. పద్నాలుగో చుట్టు, మా పెళ్లి. పార్థివలో. నాకు పదహారు, ఆమెకు పద్నాలుగని చెప్పారు. పీటల మీద నా కంటే రెండంగుళాలు ఎత్తుగా ఉంటే మా మేనత్త గుసగుసలాడింది. పందొమ్మిది, మొదటివాడు. పదకొండు రోజులు. ఇరవై రెండు, రెండోది. ఆ చుట్టులో నాకు ఏడుపు వచ్చింది. సాయిబు తల దించుకుని తాలు కాయలు ఏరుతూ ఉండిపోయాడు. ఇరవై ఆరు, ఈ కాటా బల్ల, ఈ గళ్లు. ఇరవై ఏడోదాన్ని చాలా నెమ్మదిగా తిరిగాను. అందులో అనుకోవడానికి ఏమీ దొరకలేదు. ఉండనీ, ఉండనీ అనుకుంటూ రెండువందల ముప్పై ఎనిమిది అడుగులూ వేశాను.

కాయలు అయిపోయాయి. పొద్దు ఇంకా బాగా పైన ఉంది. బస్సు సాయంత్రానికి. సాయిబు మజ్జిగ తెప్పిస్తానని ఊళ్లోకి వెళ్లాడు. నేను రాతికి ఆనుకుని కూర్చున్నాను. ఆమె అడిగిన మూడూ గుర్తొచ్చాయి. నిమిషానికి వంద అడుగులు వేసుకున్నా ఏడు నిమిషాల పని. లేచి నిలబడ్డాను కూడా. బాట మీద ఒక కాలు పెట్టాను. మళ్లీ, కూర్చున్నాక లేచి తిరిగితే మామ్మగారి నియమం చెడుతుందేమో, సరిగ్గా ఉన్నది చెడగొట్టుకోవడం ఎందుకు అనుకున్నాను. కాలు వెనక్కి తీసుకుని గంటన్నరసేపు ఆ మిరపకాయల వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆసుపత్రికి వెళితే ఆమె నా కాళ్లు చూపించమంది. బొబ్బలు చూసి వేలితో తాకింది.

"ఎన్నండీ?"

"ఇరవై ఏడు."

"మూడు?"

"లేదు. సరిగ్గా ఇరవై ఏడు."

"సరే లెండి," అంది. ఏదో చెప్పబోయి మామ్మగారి వైపు చూసి ఊరుకుంది. నేను మిల్లుకు వేళవుతోందని లేచాను.

తొంభయ్యో గడి కొట్టేసిన పదమూడో రోజున, ఫాల్గుణంలో, ఆమె పోయింది. ఆ ఉదయం నర్సు రాసిన బరువు అరవై తొమ్మిది.

పదకొండో రోజు భోజనాలయ్యాక మా అత్తగారు నన్ను పిలిపించింది. పన్నెండేళ్లలో ఆవిడ నాతో ఎదురుపడి మాట్లాడింది లేదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచి ఎవరితోనో అన్నట్టు అనేది. ఆ రోజు కూడా తలుపు వెనకే నిలబడింది. కానీ నాతోనే మాట్లాడింది.

"బాబూ, అమరావతి వెళ్లారటగా. ఎన్ని చుట్లు తిరిగారు?"

చెప్పాను. వయసు లెక్క కూడా చెప్పాను, ముప్పై ఒకటిలో అయిదు పోతే అని.

తలుపు వెనక ఆవిడ అదే లెక్క లోగొంతుతో చెప్పుకుంది. తర్వాత, "అది ప్రజోత్పత్తిలో పుట్టలేదు బాబూ. విభవలో పుట్టింది," అంది.

విభవ రెండోది. నేను పుట్టిన శుక్ల మూడోది. నా కంటే ఏడాది పెద్ద. ముప్పై ఒకటిలో రెండు పోతే ఇరవై తొమ్మిది. నేను వేళ్లు కూడా ముడవలేదు, అంకె దానంతటదే వచ్చి నిలబడింది.

"పెళ్లికొడుకు కంటే పెద్దదంటే సంబంధం నిలవదని మూడేళ్లు దించి చెప్పాను. మా వైపు అందరూ ఒకటో రెండో దించేవాళ్లే. ఎన్నడూ నోరు జారకూడదని నా తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించాను. అది ఒట్టు తప్పే పిల్ల కాదు." తలుపు గడియ అలికిడయింది, ఆవిడ దాన్ని పట్టుకుని ఉంది. "మీకేమైనా చెప్పిందా బాబూ?"

"చెప్పింది," అన్నాను.

నాలుగు రోజుల తర్వాత వార్డుకు వెళ్లి మామ్మగారిని అడిగాను. తక్కువైన చుట్లు తర్వాత తిరగొచ్చా అని. ఆవిడ పక్కన మా ఆవిడ మంచం మీద అప్పటికే ఇంకెవరో పడుకుని ఉన్నారు.

"పోయిన మనిషికి వయసేముంది నాయనా, దేని మీద లెక్కేస్తావు?" అంది. తర్వాత జాలిపడి, "నాకు తెలియదు. మా పెద్దవాళ్లని అడగాలి. వాళ్లంతా ఆ అడవిలోనే ఉండిపోయారు," అంది.

మూడు చుట్లు తక్కువై ఆమె పోయిందని నేను నమ్మను. డాక్టరు చెప్పినదే నిజం. రెండు ఊపిరితిత్తులకూ దిన్నె చుట్టూ ఉన్న మట్టిబాటకూ సంబంధం లేదు. ఈ మాట అయిదేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను, ఇందులో తప్పు లేదు. కానీ ఆమె ఒట్టు తప్పకుండా తన మూడేళ్లు నా చేతిలో పెట్టింది. నేను వాటిని మొగ్గు అనుకుని తిప్పి పంపాను. ఆ మంచం మీద గోడవైపు తిరిగిన ఆ మెడను, ఆ రోజు నేను చూసీ చూడని దాన్ని, ఇప్పుడు కళ్లు తెరిచినా మూసినా చూస్తున్నాను. మిల్లులో ఇప్పుడు వీశెలూ పౌన్లూ పోయి కిలోలు వచ్చాయి. పాత తూకాలన్నీ కొత్తవాటిలోకి మార్చే పని నాదే. ఏది ఎంతవుతుందో అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. నాకే ఒకటి మారడం లేదు.

ఇప్పటికి నాలుగుసార్లు అమరావతి వెళ్లాను. మొదటిసారి సాయిబు ఉన్నాడు, చెప్పులు పట్టుకున్నాడు. తర్వాత ఆయన కొడుకులు ఉన్నారు. దిన్నె దగ్గర కొత్తగా తవ్వారు, చుట్టూ ఇనుపతీగె కట్టారు. పాత బాట తీగె లోపల పడిపోయింది. బయటి నుంచి ఒకసారి కొలిచాను, చుట్టు మూడువందల పదకొండు అడుగులు వచ్చింది. ఆ కొలతతో తిరిగితే అది ఆమె అడిగింది కాదు. లోపలికి వెళతానంటే కాపలా మనిషి ఒప్పుకుంటాడేమో, నేను అడగలేదు. నాలుగుసార్లూ కోటగోడ నుంచి చెప్పులు లేకుండా నడిచి వెళ్లి, తూర్పు పక్క, కాయలు ఆరబోసే చోట నిలబడి తిరిగొచ్చాను.

బాకీ మూడు చుట్లు. పాత బాట మీద ఏడువందల పద్నాలుగు అడుగులు.